సెమీ ఆటోనా, బోల్టా? వేట రైఫిల్ మీద అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో రైఫిల్ షూటింగ్ నేర్పేవాళ్ల దగ్గరికి వచ్చే తెలుగువాళ్లు ఎక్కువగా రెండు రకాలు. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి ఆఫీసుల నుంచి డాలస్‌కో ఆస్టిన్‌కో వెళ్లబోయేవాళ్లు ఒకరు. చిక్కమగళూరు వైపు తోట కొనుక్కుని అడవిపందులతో వేగలేకపోతున్నవాళ్లు ఇంకొకరు. ఇద్దరూ అడిగేది ఒకటే: "సార్, సెమీ ఆటో తీసుకోమంటారా, బోల్ట్ యాక్షనా?" సెమీ ఆటో అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒకటి పేలి, తర్వాతి తూటా దానంతటదే ఎక్కేది. బోల్ట్ యాక్షన్ అంటే ప్రతి గుండుకూ పిడి ఉన్న బోల్ట్‌ను చేత్తో ఆడించి తూటా ఎక్కించాల్సింది.

తోటలవాళ్లకు జవాబు చిన్నది. మన దేశంలో అసలు ఆ ప్రశ్నే రాదు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం సెమీ ఆటోమేటిక్ రైఫిల్ నిషిద్ధ కేటగిరీలో ఉంది. మామూలు లైసెన్సు మీద వచ్చేది .315 (గొట్టం కొలత, అంగుళాల్లో) లాంటి బోల్ట్ రైఫిలే. .303 కూడా ఇవ్వరు, అది సైన్యం, పోలీసుల సర్వీసు తూటా కాబట్టి. "సరే, .315కి లైసెన్సుంది, పందిని కొట్టొచ్చుగా?" కొట్టకూడదు. తుపాకి లైసెన్సు వేరు, వేట అనుమతి వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 9 వేటను నిషేధించింది. పంట మీద పడే పందికైనా సెక్షన్ 11 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ నుంచో, ఆయన అధికారమిచ్చిన ఆఫీసరు నుంచో రాతపూర్వక అనుమతి రావాలి. "కొడగులో అక్కడి కొడవ జాతివాళ్లకు లైసెన్సే అక్కర్లేదటగా" అని ఒక వాదన తెస్తారు. ఆ మినహాయింపు తుపాకి ఉంచుకోవడానికే, జంతువును చంపడానికి కాదు.

ఇక అమెరికా వెళ్లేవాళ్ల సంగతి. అక్కడ రెండూ దొరుకుతాయి, అపోహలు కూడా అక్కడే ఎక్కువ.

అపోహ: "సెమీ ఆటో అయితే మొదటిది తప్పినా రెండోది వెంటనే పేల్చొచ్చు. కొత్తవాళ్లకు అదే మేలు."

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. రెండో గుండు త్వరగా పేలడం వేరు, తగలడం వేరు. .308 పేలగానే గొట్టం పైకి లేస్తుంది, స్కోప్‌లోంచి జింక తప్పిపోతుంది. దాన్ని మళ్లీ వెతికి పట్టుకుని క్రాస్‌హెయిర్ (స్కోప్‌లోని గురి గీతలు) నిలబెట్టేలోపు, అలవాటున్న చెయ్యి బోల్ట్ ఆడించేసి ఉంటుంది. ఆలస్యమంతా కంటి దగ్గరే, కాబట్టి సెమీ ఆటో మిగిల్చే సమయం మీరనుకున్నంత ఉండదు.

పైగా ఊపిరితిత్తుల్లోంచి గుండు దూసుకుపోయిన జింక కూడా చాలాసార్లు నిలబడ్డచోట కూలదు. యాభై, వంద గజాలు పరిగెత్తి పడుతుంది. అది పరిగెత్తడం చూసి తప్పిందనుకుని వెనకనుంచి టపటపా మూడు నాలుగు వదులుతారు. ఒకటి తొడలో దిగుతుంది, ఒకటి పేగుల్లో. మాంసం పాడవుతుంది, వెనక పొదల్లో ఏముందో చూసే తీరికా ఉండదు. దెబ్బ తిని ఇంకా నిలబడే ఉంటే రెండోది వెంటనే కొట్టాల్సిందే. పరుగందుకుంటే మాత్రం తూటా ఎక్కించుకుని ఆగాలి. అది ఏ చెట్టు పక్కన కనుమరుగైందో గుర్తు పెట్టుకుని, పడ్డ చప్పుడు కోసం చెవి పెట్టి, అరగంట తర్వాత రక్తపు జాడ వెంట వెళ్లాలి.

బోల్ట్ నెమ్మది అనేవాళ్లలో చాలామంది దాన్ని భుజం మీంచి దించి ఆడిస్తారు. చెంప స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) మీదే ఉండాలి, కన్ను స్కోప్‌లోనే ఉండాలి. అరచేత్తో పిడిని పైకి లేపి, ఇక రానన్నంత వరకు వెనక్కి లాగి, ఆగకుండా ముందుకు తోసి కిందికి దించాలి. ఖంగారులో సగమే లాగితే ఖాళీ కేసు బయటికి ఎగరక మళ్లీ చాంబర్‌లోకే (గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోటుకే) పోతుంది, లేదా కొత్త తూటా అందదు. పుష్ ఫీడ్ రకంలో, అంటే బోల్ట్ తూటాను ముందుకు తోస్తుందే గానీ పూర్తిగా మూసేదాకా పట్టుకోని రకంలో, ఇంకో చిక్కుంది. బోల్ట్ పూర్తిగా మూయకుండా వెనక్కి లాగితే మొదటి తూటా చాంబర్‌లోనే ఉండిపోయి, రెండోది దాని వెనక వచ్చి ఇరుక్కుంటుంది. దీనికి మందు ఐదు పేలని డమ్మీ తూటాలు, రోజూ పది నిమిషాలు. అసలు తూటాలు వేరే గదిలో తాళం వేసి పెట్టి సాధన చేయాలి.

సెమీ ఆటోకి దాని తిప్పలు దానికున్నాయి. తెల్లవారుజామున చప్పుడవుతుందని హ్యాండిల్‌ను చేత్తో పట్టి మెల్లగా ముందుకు వదులుతారు. బోల్ట్ పూర్తిగా లాక్ కాదు, తీరా ట్రిగ్గర్ నొక్కితే పేలదు. వెనక్కి పూర్తిగా లాగి వదిలేయాలి, స్ప్రింగ్ పని స్ప్రింగ్‌ని చేయనివ్వాలి. ఆ చప్పుడేదో వేటచోటుకు దూరంగానే కానివ్వండి. ఖాళీ చేసేటప్పుడు ముందు మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీయాలి, తర్వాతే చాంబర్. వరస తప్పితే చాంబర్‌లోది బయటపడగానే మ్యాగజైన్‌లోంచి ఇంకోటి ఎక్కి కూర్చుంటుంది. ఖాళీ అనుకున్న తుపాకులు పేలేది ఇలాగే. మూసేముందు చాంబర్‌లో వేలు పెట్టి చూసుకోండి.

అలాగని సెమీ ఆటో దండగని కాదు. రాత్రిపూట పందుల మంద మీదికి అదే సరైనది, ఎందుకంటే అక్కడ నిజంగానే ఒకదాని తర్వాత ఒకటి కొట్టాలి. జింకకు బోల్ట్ తీసుకోండి. హెలికాప్టర్‌లోంచి పందుల్ని కొట్టే వీడియోలు చూసి జింకల రైఫిల్ కొనకండి.

"బోల్ట్ అంటేనే గురి" అనేది సగం నిజం. జింక ఛాతీలో గుండె, ఊపిరితిత్తుల చోటు ఎనిమిది అంగుళాల వెడల్పు ఉంటుంది. వంద గజాల్లో రెండంగుళాల గ్రూప్ (వరసగా కొట్టిన గుళ్లన్నీ పడే చోటు వెడల్పు) ఇచ్చే సెమీ ఆటో, రెండొందల్లో నాలుగంగుళాలు ఇస్తుంది, చాలు. విమానం దిగాక స్కోప్ మరలు బిగించి, చల్లారిన గొట్టంతో మూడు గుళ్లు కొట్టి జీరో (గురి పెట్టినచోటే గుండు పడుతోందో లేదో) చూసుకోనివాడికి ఏ రైఫిలైనా ఒకటే.

భుజానికి తన్నుతుందని భయపడేవాళ్లను చూసి నవ్వక్కర్లేదు, ఆ భయంతో కళ్లు మూసుకుంటే గురి పోయేది నిజమే. గ్యాస్ సెమీ ఆటో (పేలుడు గ్యాస్ ఒత్తిడితో తర్వాతి తూటా ఎక్కించుకునేది) కొంచెం మెత్తగా తన్నుతుంది. కానీ .308 బదులు .243 బోల్ట్ తీసుకున్నా భయం తగ్గుతుంది.

చివరిగా, వీసా. టెక్సస్‌లో 2019 సెప్టెంబరు నుంచి ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే అడవిపందికి వేట లైసెన్సు అక్కర్లేదు. మనవాళ్లు ఇది విని నిశ్చింతగా బయల్దేరతారు. కానీ నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి కలిగి ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హెచ్-1బీ, ఎఫ్-1, కూతురింటికి బీ-2 (సందర్శకుల వీసా) మీద వచ్చిన మామగారు, అందరూ ఇందులోకే వస్తారు. అందులో ముఖ్యమైన మినహాయింపు, అమెరికాలో ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉండటం. రాష్ట్రం అడగకపోయినా మీరు తీసుకోవాలి. కొనడానికే కాదు, అల్లుడి ఏఆర్-15 (ఒక సెమీ ఆటో రైఫిల్) కాసేపు పట్టుకోవడానికీ ఇదే లెక్క. శిక్ష 15 ఏళ్ల దాకా ఉంది, వీసా సంగతి చెప్పనక్కర్లేదు. గ్రీన్‌కార్డు వాళ్లకు ఈ ఇబ్బంది లేదు.

రాష్ట్రం మారితే మళ్లీ చదువుకోండి. పెన్సిల్వేనియాలో జింకకు సెమీ ఆటో రైఫిల్ ఒప్పుకోరు. వర్జీనియాలో జింకకు .23 క్యాలిబర్ కన్నా చిన్నది పనికిరాదు, అంటే .223 ఏఆర్ అక్కడ జింక రైఫిలే కాదు.