కారుమబ్బులో కాలీఫ్లవర్

నీటిరంగులతో బొమ్మలు వేసేవాళ్లు వానాకాలం రాగానే అడిగే ప్రశ్న: "అదే కాగితం, అదే రంగు. ఎండాకాలంలో చక్కగా కుదిరిన మబ్బు ఇప్పుడు కాలీఫ్లవర్‌లా ఎందుకు విచ్చుకుంటోంది?"

నేరం గాలిలోని తేమది. 30 డిగ్రీల దగ్గర గాలి నిండా ఆవిరి పడితే ఆ ఆవిరి పీడనం సుమారు 42 మిల్లీబార్లు (పీడనాన్ని కొలిచే ప్రమాణం). తేమ 40 శాతం ఉన్న రోజు ఇంకా 25 మిల్లీబార్ల ఖాళీ ఉంటుంది. వాన ముంచుకొచ్చే ముందు, 90 శాతం దగ్గర, మిగిలే ఖాళీ నాలుగే. పూత ఆరేది ఈ ఖాళీని బట్టే కాబట్టి, గాలి వీచే తీరు ఒకటే అనుకుంటే, అయిదు నిమిషాల్లో ఆరేది అరగంట తీసుకుంటుంది. ఆ అరగంటలో చెయ్యి ఊరుకోదు, అదే ముప్పు.

నూలు కాగితంలో పోగుల మధ్య సన్నటి సందులుంటాయి. తడి మెరుపు తగ్గి సగం ఆరిన కాగితంలో ఆ సందులు నీటి కోసం ఆవురావురుమంటుంటాయి. నీళ్లు నిండిన కుంచె అక్కడ తగిలిందా, కొత్త నీరు చుట్టూ పాకుతూ, ఇంకా అంటుకోని రంగు రేణువుల్ని ముందుకు తోసుకుపోతుంది. అది ఆగిన చోట రేణువులు గట్టు కడతాయి. పోగుల దారులు అన్నీ ఒకేలా ఉండవు కనుక ఆ గట్టు వంకరటింకరగా, రంపపు పళ్లలా వస్తుంది. అదే మన కాలీఫ్లవర్. అందుకే కాగితంలో ఉన్న నీటికంటే కుంచెలో నీరు తక్కువ ఉండాలి. ముంచాక గుడ్డకి అద్దండి.

తడి చూడ్డానికి చేతివెనక భాగం ఆనించమని క్లాసుల్లో నేర్పుతారు. చల్లగా ఉంటే తడి, లేకపోతే పొడి. పొడి రోజున మంచి సలహానే: 40 శాతం తేమలో తడి కాగితం దాదాపు 20 డిగ్రీలకు దిగుతుంది, పది డిగ్రీల తేడా చర్మానికి ఇట్టే తెలుస్తుంది. 90 శాతంలో దిగేది ఒకటిన్నర డిగ్రీ లోపే. తడి కాగితం కూడా "నేను పొడి" అని అబద్ధమాడుతుంది! వానాకాలంలో ఈ పరీక్షని నమ్మకండి. అట్టని కంటి ఎత్తుకు లేపి, వెలుతురు వైపు ఏటవాలుగా పెట్టి మెరుపు చూడండి. కాగితం అంచున అదే పూతతో ఒక పట్టీ వేసి, దాని మీద ముందు పరీక్షిస్తే ఇంకా మేలు. హెయిర్ డ్రయ్యర్ మాత్రం మెరుపు పోయాకే. ముందే పెడితే గుంటలో నీటిని అటూ ఇటూ తోసి కొత్త గట్లు కడుతుంది.

రంగు సంగతికొస్తే, మబ్బుకి నలుపు డబ్బా తెరవద్దు. నీళ్లు నిండి మబ్బు నల్లబడిందనేది పాత భ్రమ. విమానంలోంచి చూస్తే అదే మబ్బు పైభాగం తళతళలాడే తెలుపు. మందం వల్ల వెలుతురులో ఎక్కువ భాగం పైకే తిరిగిపోతుంది, కిందికి దిగేది కొంచెమే. అల్ట్రామెరైన్ అనే నీలానికి బర్న్ట్ సియెన్నా అనే మట్టిరంగు కలిపితే సజీవమైన బూడిద వస్తుంది. నీలం పెరిగితే చల్లన, మట్టిరంగు పెరిగితే వెచ్చన. ఆరాక లేతబడుతుంది, కాబట్టి ఒక మెట్టు ముదురుగా కలపండి. కాగితం 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) ఉండాలి, పలచనిది ఉబ్బి గుంటలు పడుతుంది.

అక్టోబరు, నవంబరు సాయంత్రాల్లో గోదావరి డెల్టాలో ఈ దృశ్యం అచ్చంగా దొరుకుతుంది: తూర్పున బంగాళాఖాతం మీంచి కారుమబ్బు, పడమటి ఎండలో పండబారిన వరి. మామూలుగా ప్రకృతి దృశ్యంలో ఆకాశమే అన్నిటికంటే లేత, ఇక్కడ తలకిందులు. చేను లేత, మబ్బు ముదురు. కాబట్టి పొలానికి పలచని పసుపు ముందు వేసి పూర్తిగా ఆరనివ్వండి. కొంగలకి తెల్లరంగు వద్దు, ఆ మేర కాగితం వదిలేస్తే చాలు.

ఈదురుగాలి తగలగానే అంచులు ముందు ఆరి, మధ్య తడిగా ఉంటుంది. అక్కడితో కుంచె ఆపండి. మొదటి చినుకు ఆరిన పూత మీద పడితే, వెంటనే పొడిగుడ్డ అద్దితే లేత మచ్చతో పోతుంది. సగం తడి మీద పడితే అదీ కాలీఫ్లవరే, చిన్న సైజుది.