బండి మీద శానిటైజర్ సీసా ఉంటే చాలదా?

అనంతపురంలో టిఫిన్ బండి నడిపే ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది. చాలదు, చాలా మంచి ప్రశ్న కూడా. శానిటైజర్‌లోని ఆల్కహాల్ కరోనా, ఫ్లూ వైరస్‌ల మీద బాగా పనిచేసేది వాటికి కొవ్వుతో చేసిన పైపొర ఉంటుంది కాబట్టి, అది చెదిరిపోతే వైరస్ పని అయిపోతుంది. కానీ వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కీ, కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ వైరస్‌కీ ఆ పొరే లేదు, ఉన్నదల్లా గట్టి ప్రొటీన్ డొప్ప. మరుగుదొడ్డికి వెళ్లొచ్చిన చేతికి అంటేవి ఇవే, పైగా నోరోవైరస్ 10 నుంచి 100 కణాలు లోపలికి పోయినా చాలు.

సబ్బు కూడా వీటిని చంపదు! పిల్లలకు 'సబ్బు క్రిముల్ని చంపుతుంది' అని చెప్పి అక్కడితో ఆపేస్తాం, అసలు అందమంతా ఆ తర్వాతే ఉంది. చేతి మీది జిడ్డుకీ, బజ్జీల నూనెకీ నీళ్లతో పొసగదు. సబ్బు అణువు హిందూపురం చింతపండు మార్కెట్‌లో తెలుగూ కన్నడా రెండూ వచ్చిన దళారి లాంటిది. కార్బన్ గొలుసుతో ఉన్న తోక నూనెతో మాట్లాడుతుంది, విద్యుదావేశం ఉన్న తల నీళ్లతో మాట్లాడుతుంది. దళారులు పదులకొద్దీ ఒక్క నూనె బొట్టును చుట్టుముట్టి, తోకలు లోపలికీ తలలు బయటికీ పెట్టి నిలబడతారు. నీళ్లకు కనిపించేది తమ భాషవాళ్లే, అందుకే ఆ గుంపును మొత్తంగా వెంట తీసుకుపోతాయి, జిడ్డులో ఇరుక్కున్న వైరస్‌తో సహా. అయితే దళారులు అందరి దగ్గరికీ చేరడానికి వ్యవధి కావాలి, అందుకే 20 సెకన్లు రుద్దాలి. గుంపును మోసుకుపోవడానికి పారే నీళ్లు కావాలి. బకెట్లో చెయ్యి ముంచితే పోయినదంతా అక్కడే ఉంటుంది, తర్వాతి చేతికి అంటుకుంటుంది.

నిప్పు మీద పడ్డాక ఏ దోషమూ ఉండదని మనవాళ్ల నమ్మకం. పెనం మీద కాలిన దోశకు అది చాలావరకు నిజమే, కానీ చట్నీకీ, ఉగ్గాని మీద చల్లే పచ్చి ఉల్లిపాయకీ ఆ నిప్పు ఎక్కడిది?

2011 ఆహార భద్రత నిబంధనల నాలుగో షెడ్యూల్ చిన్న బండికి కూడా మరుగుదొడ్డికి వెళ్లొస్తే సబ్బూ నీళ్లతో చేతులు కడగాలనే చెబుతుంది. మరి ఆ మరుగుదొడ్డి ఎక్కడ, కుళాయి ఎక్కడ? 2014 వీధి వ్యాపారుల చట్టం వెండింగ్ జోన్లలో, అంటే వీధి వ్యాపారానికి కేటాయించిన చోట్లలో, కల్పించే సౌకర్యాలకు వ్యాపారుల దగ్గర రుసుము తీసుకోమంటుంది. డబ్బు కడుతున్నప్పుడు నడిచి వెళ్లేంత దూరంలో ఆ రెండూ ఉండాలని గట్టిగా అడగాలి. అవి లేకే ఎంతోమంది ఆడవాళ్లు ఎండాకాలంలో కూడా నీళ్లు తాగకుండా బండి దగ్గర నిలబడుతున్నారు.

ఈలోగా కుళాయి బిగించిన ఒక డ్రమ్మూ, సబ్బు బిళ్లా పెట్టుకోండి. విరేచనాలు పట్టుకుంటే, తగ్గాక కూడా ఇంకో రెండు రోజులు వడ్డనకు రావద్దు, ఎందుకంటే ఒంట్లో బాగైపోయిందని అనిపించిన తర్వాత కూడా నోరోవైరస్ రోజుల తరబడి మలంలో వస్తూనే ఉంటుంది.