పదహారేళ్లకు లైసెన్స్ ఇస్తారు, నడపడానికి బండే లేదు

మోటారు బండి నడపాలంటే 18 ఏళ్లు నిండాలన్న సంగతి అందరికీ తెలుసు. కానీ ఆ మాట చెప్పే 1988 మోటారు వాహనాల చట్టం 4వ సెక్షన్‌కు ఒక చిన్న తోక ఉంది. ఇంజన్ 50 సీసీ మించని మోటారు సైకిల్‌ను 16 ఏళ్లు నిండినవాళ్లు నడపొచ్చు. ఇంట్లో పెద్దలు రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఎల్‌ఎల్‌ఆర్, అంటే బండి నేర్చుకునేటప్పుడు ఇచ్చే తాత్కాలిక లైసెన్స్ కూడా ఇస్తారు. ఇంటర్ చదివే పిల్లల చేతికి లైసెన్స్ వచ్చే దారి ఇదొక్కటే. చిక్కేమిటంటే, ఆ కొలతకు సరిపోయే పెట్రోల్ బండిని ఇప్పుడు పెద్ద కంపెనీలేవీ అమ్మడం లేదు.

ఈ 50 సీసీ లెక్క ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియాలంటే మోపెడ్ల కాలానికి వెళ్లాలి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్‌లో కారు కొనలేని జనం సైకిల్‌కే చిన్న ఇంజన్ తగిలించుకున్నారు. మోటారు, పెడల్ రెండూ ఉన్నాయి కాబట్టి రెండు మాటలూ కలిపి 'మోపెడ్' అన్నారు. ఆ పేరు 1952లో స్వీడన్‌లో పుట్టింది. ఇంజన్ దాదాపు ఎప్పుడూ 50 సీసీ లోపే. సైకిల్‌కు అన్నలాంటిది, మోటారు సైకిల్‌కు తమ్ముడు. అందుకే చాలా దేశాలు దీనికి విడిగా, కాస్త మెత్తటి నియమాలు పెట్టుకున్నాయి.

మన దగ్గరికి అదే బండి ఫ్రెంచ్, ఇటలీ కంపెనీల చేయి పట్టుకుని వచ్చింది. ఫ్రాన్స్‌కు చెందిన మోటోబెకాన్ సహకారంతో తిరుపతిలో సువేగ తయారైంది. 1972లో పుణె నుంచి కైనెటిక్ వాళ్ల లూనా వచ్చింది. 1980లో హోసూరు నుంచి ఇద్దరు కూర్చోగలిగే టీవీఎస్ 50 వచ్చాక పల్లెల్లో మోపెడ్ అంటే అదే అయిపోయింది. పాల క్యాన్లు, ఎరువు బస్తాలు, బడికెళ్లే పిల్లలు అన్నీ దాని మీదే. లూనా మొరాయిస్తే సైకిల్ తొక్కినట్టు తొక్కుకుంటూ ఇంటికి చేరొచ్చు. అలాంటి బండిని పదహారేళ్ల పిల్లాడికి ఇవ్వడం ఎవరికీ తప్పుగా తోచలేదు.

1988 చట్టం రాసినప్పుడు మినహాయింపులో సీసీల ప్రస్తావనే లేదు. 'గేరు లేని మోటారు సైకిల్' అని రాశారు. గేరు లేదంటే మోపెడ్, మోపెడ్ అంటే నెమ్మది అన్న లెక్క కాబోలు. కానీ అప్పటికే ఆ లెక్క తప్పింది. 1984లోనే కైనెటిక్ హోండా వచ్చింది. దాని ఇంజన్ 98 సీసీ, బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యే పూర్తి స్థాయి స్కూటర్, గేర్లు మాత్రం లేవు. చట్టంలోని మాటను అక్షరాలా పట్టుకుంటే అదీ పదహారేళ్లవాళ్ల బండే. 1994 సవరణలో 'గేరు లేని' అన్న మాట తీసేసి '50 సీసీ మించని' అని మార్చారు. అదే ఇప్పటికీ నడుస్తోంది. ఆర్టీఓ ఆఫీసుల్లో 'వితౌట్ గేర్' అన్న వర్గం ఇంకా ఉంది కాబట్టి, యాక్టివా లాంటి స్కూటీలకు పదహారేళ్లు చాలనుకునే తల్లిదండ్రులు నేటికీ కనిపిస్తారు. గేరు లేకపోయినా 50 సీసీ దాటిందంటే 18 నిండాల్సిందే.

ఇలా తడబడింది మనమొక్కళ్లమే కాదు. బ్రిటన్‌లో 1971 చివర్లో మోటారు సైకిల్ వయసును 17కు పెంచి, పదహారేళ్లవాళ్లకు పెడల్ ఉన్న 50 సీసీ బండి చాలన్నారు. కంపెనీలు ఊరుకుంటాయా? చూడ్డానికి రేసు బండిలా ఉండే మోపెడ్లు చేసి, వాటికి పేరుకు పెడళ్లు బిగించాయి. యమహా ఎఫ్‌ఎస్1-ఈ ఆ రకమే. పెడళ్లూ ఉన్నాయి, 50 సీసీ కూడా దాటలేదు, వేగం మాత్రం గంటకు 70 కిలోమీటర్లు. చివరికి 1977లో పెడళ్ల షరతు వదిలేసి, మోపెడ్ గంటకు 30 మైళ్లు, అంటే దాదాపు 48 కిలోమీటర్లు దాటకూడదని రాసుకున్నారు. భయం వేగం గురించి అయితే వేగమే కొలవాలన్నది అక్కడ ఆరేళ్లలో తెలిసొచ్చింది. మనం గేరు వదిలి సీసీ పట్టుకున్నాం.

ఆ సీసీ కూడా మన చేతిలోంచి జారిపోయింది. బజాజ్ సన్నీ లాంటి 50 సీసీ బళ్లు కొన్నాళ్లు కాలేజీ పిల్లల్లో బాగానే తిరిగాయి. తర్వాత జనం అడిగింది ఇంకాస్త బలమున్న బండిని. పొగ నియమాలు బిగిసేకొద్దీ చిన్న టూ స్ట్రోక్ ఇంజన్లకు రోజులు చెల్లాయి. మోపెడ్ అనగానే ఇప్పుడు గుర్తొచ్చే టీవీఎస్ ఎక్స్‌ఎల్ కూడా 100 సీసీ, ఫోర్ స్ట్రోక్. బండి పోయింది, దాని కోసం రాసిన వాక్యం మాత్రం చట్టంలో మిగిలింది.

ఆ వాక్యం ఎవరికీ అక్కరకు రాని రోజుల్లోనే శిక్షలు పెరిగాయి. మైనర్లకు బండి ఇచ్చిన కొందరు తండ్రులను 2018లోనే హైదరాబాద్ కోర్టులు జైలుకు పంపాయి. 2019 సవరణతో 199ఎ సెక్షన్ వచ్చింది. మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా ఎల్‌ఎల్‌ఆర్ ఇవ్వరు. 'నాకు తెలియకుండా తాళం తీసుకెళ్లాడు' అంటే సరిపోదు, అది నిరూపించుకోవాల్సింది కూడా తండ్రే. లైసెన్స్ ఉండి, తనకు అనుమతి ఉన్న బండినే నడిపే మైనర్‌కు ఇందులో మినహాయింపు ఉంది. అంటే మళ్లీ ఆ 50 సీసీ బండికే.

శిక్ష కఠినంగా ఉండటాన్ని నేను తప్పుపట్టను. కాకపోతే పదహారేళ్లవాడికి నేర్చుకోవడానికి, పరీక్ష రాసి మెల్లగా రోడ్డుకు అలవాటు పడటానికి చట్టం వదిలిన దారి కాగితం మీదే ఉంది.

ఎలక్ట్రిక్ బళ్లతో ఈ తికమక ఇంకో మలుపు తిరిగింది. బ్యాటరీ బండికి సీసీ ఉండదు. 4 కిలోవాట్ల దాకా ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్లను 16 నుంచి 18 ఏళ్లవాళ్లకు ఇవ్వొచ్చని 2018లో కేంద్ర రవాణా శాఖ ఒక ప్రతిపాదన తెచ్చింది. 4వ సెక్షన్ మాత్రం సీసీల భాషే మాట్లాడుతోంది. ఇంకోపక్క, 250 వాట్ల లోపు శక్తితో, గంటకు 25 కిలోమీటర్లు దాటకుండా వెళ్లే బ్యాటరీ బండి, బరువు లాంటి మిగతా షరతులకూ సరిపోతే, నిబంధనల ప్రకారం మోటారు వాహనమే కాదు. 25 సీసీ దాటని పెట్రోల్ ఇంజన్ బిగించిన సైకిల్‌కూ చట్టంలో ఇదే లెక్క. మోటారు వాహనం కాకపోతే లైసెన్స్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఈ చట్టం కింద వయసు లెక్కా లేదు.

ఇప్పుడు ఏ ట్యూషన్ సెంటర్ ముందు చూసినా రెండు రకాల స్కూటీలూ పక్కపక్కనే ఆగి ఉంటాయి. ఒకటి 110 సీసీది, నంబర్ ప్లేట్ ఉంటుంది. దాని మీద పదహారేళ్ల పిల్లాడు దొరికితే వాళ్ల నాన్న కోర్టు మెట్లెక్కాలి. రెండోది నంబర్ ప్లేట్ లేని బ్యాటరీది. దాని మీద పదమూడేళ్ల పిల్ల వెళ్తున్నా, దాని వేగానికి కంపెనీ పెట్టిన హద్దును ఎవరూ కెలకనంత వరకు, పోలీసు ఆపి అడగడానికి కాగితమే లేదు.