లైఫ్‌బోటు నీళ్లను తాకేదాకా

టైటానిక్ పేరెత్తగానే అందరం అనే మాట ఒకటే: పడవలు సరిపోలేదు. నిజమే. ఓడలో సుమారు 2,200 మంది ఉంటే, ఉన్న 20 లైఫ్‌బోట్లలో పట్టేది 1,178 మందే. అయినా ఆ ఓడ చట్టాన్ని మీరలేదు. చట్టం అడిగినదానికంటే ఎక్కువ పడవలతోనే బయలుదేరింది. ఎన్నిసార్లు చదివినా నన్ను కలవరపెట్టేది ఈ సంగతే.

అప్పటి బ్రిటిష్ నిబంధనలకు మూలం 1894 నాటి నౌకా చట్టం. ఎన్ని పడవలుండాలో ఎక్కే మనుషుల్ని బట్టి కాక, ఓడ టన్నులను బట్టి తేల్చేవారు. ఆ పట్టికలో చివరి మెట్టు 10,000 టన్నులు. అంతకు మించిన ఏ ఓడకైనా డేవిట్ల కింద 16 పడవలుంటే సరిపోయేది. పడవను ఓడ అంచు దాటించి, తాళ్లతో కిందికి దించే ఇనుప చేతులే డేవిట్లు. 1912 నాటికి టైటానిక్ 46,000 టన్నులు దాటింది, పట్టిక మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.

దీని వెనక ఒక నమ్మకం ఉంది. పెద్ద ఓడల్లో ఒక గదిలోకి వచ్చిన నీళ్లు ఇంకో గదిలోకి పోకుండా అడ్డుగోడలుంటాయి కాబట్టి, దెబ్బ తగిలినా చాలాసేపు తేలతాయి. ఈలోగా వైర్‌లెస్ కబురు అందుకుని మరో ఓడ వస్తుంది. లైఫ్‌బోట్ల పనల్లా ఈ ఓడ నుంచి ఆ ఓడకు జనాన్ని చేరవేయడమే. 1909లో రిపబ్లిక్ అనే ఓడను మరో ఓడ గుద్దినప్పుడు అచ్చం అలాగే జరిగింది. అది ఒక రోజుకు పైగా తేలింది, పడవలు అటూ ఇటూ తిరిగాయి, దాదాపు అందరూ బతికారు. దాంతో ఆ నమ్మకం ఇంకా బలపడింది.

టైటానిక్‌కు దొరికింది 2 గంటల 40 నిమిషాలు. అందులో మొదటి గంట పడవ దించకుండానే గడిచిపోయింది. మొదట దిగిన పడవలో 65 మంది పడతారు, ఎక్కింది 30 మందైనా లేరు. 40 మంది పట్టే మరో పడవ 12 మందితో వెళ్లిపోయింది. వెలుగుతున్న అంత పెద్ద ఓడను వదిలి, చీకట్లో వేలాడే చిన్న పడవలోకి అడుగు పెట్టడానికి జనానికి మనసొప్పలేదు. నిండా ఎక్కిస్తే వేలాడుతూ ఉండగానే పడవ మధ్యలో విరుగుతుందేమోనని అధికారులకు టెన్షన్. ఆ బరువు ఆగుతుందని ఓడను కట్టిన బెల్‌ఫాస్ట్‌లో ముందే పరీక్షించారు, కానీ ఆ సంగతి డెక్ మీదున్న వాళ్లకు అందలేదు. పడవలుండే డెక్‌కు దారి కూడా అందరికీ ఒకేలా లేదు. మొదటి తరగతి స్త్రీలు దాదాపు అందరూ బతికితే, మూడో తరగతిలో సగం మంది స్త్రీలు కూడా మిగల్లేదు. మొత్తంగా బయటపడింది 710 మంది దాకా.

నీళ్లలో పడ్డవారిలో చాలామంది మునిగి చనిపోలేదు. బెండుతో చేసిన లైఫ్‌జాకెట్లు వాళ్లను తేలుస్తూనే ఉన్నాయి. చంపింది చలి. ఉప్పు నీరు కనుక సున్నా కంటే రెండు డిగ్రీలు తక్కువగా ఉన్నా సముద్రం గడ్డకట్టలేదు. ఒంట్లోని వేడిని నీరు గాలికంటే ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తుంది. అలాంటి నీళ్లలో పడగానే ఊపిరి మన అదుపులో ఉండదు. పది నిమిషాల్లో వేళ్లు, చేతులు మొద్దుబారి, విసిరిన తాడును కూడా పట్టుకోలేం. ఆ తర్వాత శరీరం లోపలి వేడి పడిపోతుంది. ఓడ మునిగింది రాత్రి 2:20కి, కాపాడటానికి కార్పేథియా అనే ఓడ వచ్చింది దాదాపు 4 గంటలకు.

మరి పడవలు చాలినన్ని ఉంటే? 1915 మే 7న ఐర్లండ్ తీరం దగ్గర జర్మన్ టార్పెడో తగిలిన లూసిటేనియా అనే ప్రయాణికుల ఓడలో 48 పడవలున్నాయి, అందరికీ చోటుంది. అది 18 నిమిషాల్లో మునిగింది. కుడివైపుకు ఒరిగిపోవడంతో ఆ వైపు పడవలు ఓడకు దూరంగా ఊగాయి, మధ్యలో ఖాళీ, కింద సముద్రం. ఎడమవైపు పడవలేమో లోపలికి వాలి డెక్ మీద జనం పైకి జారాయి, దిగినవి ఓడ పక్కన ఉబ్బెత్తుగా ఉన్న రివెట్లకు గీసుకుని పగిలాయి. పైగా ఓడ ఇంకా ముందుకు కదులుతూనే ఉంది. సరిగ్గా నీళ్లలోకి దిగినవి ఆరు. దాదాపు 1,200 మంది పోయారు. అంతకు ముందు ఏడాది కెనడాలో ఎంప్రెస్ ఆఫ్ ఐర్లండ్ అనే ఓడ 14 నిమిషాల్లో మునిగినప్పుడు కూడా పడవలకు కొదవ లేదు. వెయ్యి మందికి పైగా చనిపోయారు.

ఓడలో ఉన్న ప్రతి మనిషికీ లైఫ్‌బోటులో చోటుండాలని 1914 జనవరిలో లండన్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. ఒరిగే ఓడ సంగతి కూడా నిబంధనల్లోకి ఎక్కింది. ఇవాళ ప్రయాణికుల ఓడ పక్కకు 20 డిగ్రీలు వాలినా పడవలు దిగేలా ఉండాలి. జనం లైఫ్‌జాకెట్లు వేసుకుని ఒకచోట చేరాక, ఓడ వదలమని సిగ్నల్ ఇచ్చిన 30 నిమిషాల్లో పడవలన్నీ నిండా మనుషులతో నీళ్లలో ఉండాలి.