తెరిచిన తర్వాత ఎలా మెలగాలి? – పిల్లలకు ఒక ఉత్తరం

కందుకూరు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మీ బడిలో జరగబోయే చర్చా పోటీకి "మహమ్మారి కాలంలో ఆంక్షలు సడలించడం సరైనదేనా" అనే అంశం ఇచ్చారనీ, మీలో సగం మంది అవుననీ సగం మంది కాదనీ వాదించాలనీ, అందుకు తెలిసినంత రాసి పంపమనీ అడిగారు. 2020లో మీరు పలకా బలపం పట్టే వయసులో ఉన్నారు. గడప దాటనివ్వలేదన్న సంగతి తప్ప మీకు పెద్దగా గుర్తుండదు. అందువల్ల ఏ పక్షం వారికైనా పనికివచ్చేలా జరిగినదాన్నీ దాని వెనక ఉన్న కారణాలనూ రాస్తున్నాను. నా అభిప్రాయం మాత్రం దాచుకోను. తెరవాలా, మూయాలా అని అందరూ వాదించుకుంటుంటే అంతకంటే ముఖ్యమైన ప్రశ్న వెనకబడిపోయింది. తెరిచిన తర్వాత మనం ఒకరికొకరం ఎంత దూరంలో, ఎలాంటి చోట, ఎంతసేపు ఉంటాం అన్నదే ఆ ప్రశ్న.

ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కరోనా కేసు బయటపడింది నెల్లూరులోనే. ఇటలీ నుంచి తిరిగి వచ్చిన ఒక విద్యార్థికి 2020 మార్చిలో ఆ జబ్బు సోకినట్టు తేలింది. మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగింది, 25 నుంచి దేశమంతటా 21 రోజుల లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్ 14తో ముగియవలసిన ఆ లాక్‌డౌన్‌ను మొదట మే 3 వరకు, తర్వాత మే 17 వరకు, ఆపైన మే 31 వరకు పొడిగించారు. మే నెల మొదట్లో కేంద్రం జిల్లాలను రెడ్, ఆరెంజ్, గ్రీన్ జోన్లుగా విడగొట్టినప్పుడు నెల్లూరు జిల్లా రెడ్ జోన్‌లోనూ ప్రకాశం జిల్లా ఆరెంజ్ జోన్‌లోనూ పడ్డాయి. కందుకూరు అప్పటికింకా ప్రకాశం జిల్లాలోనే ఉండేది, 2022లో గదా మనల్ని నెల్లూరు జిల్లాలో కలిపారు. బస్సెక్కితే ఎంతోసేపు పట్టని, నెల్లూరు జిల్లాలోని కావలికి ఒక రంగు, మనకు ఒక రంగు. జబ్బుకు జిల్లా సరిహద్దు తెలియదు గదా అని వీధి అరుగుల మీద జనం వాదించుకున్నది ఆ రోజుల్లోనే.

ఇక దూరం పాటించమని ఎందుకు చెప్పారో కొంచెం లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే చర్చలో మీకు అన్నిటికంటే బలంగా నిలబడేది ఇదే. పదిమంది రోగులు కలిసి పన్నెండుమందికి జబ్బు అంటిస్తున్నారనుకోండి. ఆ పన్నెండుమంది అదే లెక్కన ఇంకొందరికి అంటిస్తూ పోతే, మొదట వందమందితో మొదలైన విడత పదోసారికి ఆరు వందలు దాటుతుంది. అదే పదిమంది కలిసి ఎనిమిదిమందికే అంటించారనుకోండి, ఆ వంద పదోసారికి పదకొండు దగ్గరికి దిగివస్తుంది. కావాలంటే కాగితం మీద 1.2ను పదిసార్లు, 0.8ను పదిసార్లు గుణించి చూసుకోండి. ఎనిమిదికీ పన్నెండుకూ నడుమ ఉన్నది నలుగురు మనుషులే. పదిమందిలో కొద్దిమంది ఒక పలకరింపును రెండు గజాల దూరం నుంచి ముగించుకున్నా, దగ్గు వస్తున్న రోజున సంతకు పోవడం మానుకున్నా ఆ నలుగురూ తప్పించుకుంటారు. జబ్బును ఆపాలంటే ప్రతి మనిషీ ప్రతి క్షణం తప్పు చేయకుండా ఉండాలన్న భయం ఎవరికీ అక్కరలేదు. ఒక్కో రోగి సగటున ఎంతమందికి అంటిస్తున్నాడన్న అంకె ఒకటికి దిగువన నిలబడితే చాలు.

మరొక చిక్కు ఏమిటంటే, ఈ వైరస్ సోకినవారికి లక్షణాలు కనిపించడానికి సగటున ఐదారు రోజులు, కొందరికి పద్నాలుగు రోజుల దాకా పట్టేది. పైగా లక్షణాలు బయటపడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే వారు ఇతరులకు అంటించగలిగేవారు. అంటే ఈ సోమవారం సడలించిన నిబంధన ఫలితం వచ్చే సోమవారానికి కూడా పూర్తిగా కనబడదు. "తెరిచి వారమైంది, ఏమీ కాలేదు, అనవసరంగా భయపెట్టారు" అన్నవాళ్లను మనం ఎంతోమందిని చూశాం. రాళ్లపాడు జలాశయం తూము తలుపు ఎత్తేవారు కొంచెం ఎత్తి, నీరు కాలువ చివరి దాకా చేరేవరకు ఆగి, గట్లు నిలుస్తున్నాయో లేదో చూసుకుని మరికొంచెం ఎత్తుతారు. ఆంక్షలు విడతలు విడతలుగా సడలించాలని వైద్యులు పట్టుబట్టినదీ అందుకే.

అయితే మూసి ఉంచడాన్ని సమర్థించేవాళ్లు ఈ పక్కన ఏం జరిగిందో కూడా చూడాలి. మద్రాసు నుంచి కలకత్తా పోయే పదహారో నంబరు జాతీయ రహదారి నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు మీదుగానే పోతుంది. ఆ వేసవిలో తమిళనాడు వైపు నుంచి ఒడిశా, బీహారు వైపు పోయే కూలీలు నెత్తిన మూటలతో, చంకన పిల్లలతో ఆ రోడ్డు వెంబడి నడిచిపోయారు. రోడ్డు పక్క ఊళ్లవాళ్లు వాళ్లకు మజ్జిగా, పులిహోర పొట్లాలూ అందించారు. పొట్లాన్ని రోడ్డు వారన బల్ల మీద పెట్టి ఇవతలికి జరిగేవారు, వాళ్లు వచ్చి తీసుకుని నమస్కారం పెట్టేవారు. పెట్టే చేతికీ తీసుకునే చేతికీ నడుమ అంత దూరం ఉండవలసి రావడం పెట్టేవాళ్లకే కష్టంగా తోచేది. చీమకుర్తి గ్రానైటు క్వారీల్లో పని ఆగింది, పొగాకు వేలం కేంద్రాలు మూతబడి బేళ్లు రైతుల ఇళ్లలోనే ఉండిపోయాయి. పొగాకు బేలు ఎక్కువ రోజులు ఇంట్లో ఉంటే తూకం తగ్గుతుంది, రంగు మారుతుంది, అప్పు మీద వడ్డీ మాత్రం ఆగదు. నెల జీతం ఇంటికి వచ్చే మనిషి "ఇంకో నెల మూసినా నష్టం లేదు" అన్నప్పుడు ఆ నష్టం ఎవరి ఇంట్లో పడుతున్నదో అడగడం తప్పు కాదు. సడలింపు కోరినవాళ్లంతా నిర్లక్ష్యపు మనుషులని మీలో ఎవరైనా వాదిస్తే నేను ఒప్పుకోను.

ఇప్పుడు నా కళ్లతో చూసినది ఒకటి చెబుతాను. మన బజారులో చౌకధరల దుకాణం ముందు సున్నంతో గుండ్రాలు గీశారు, రెండేసి గజాలకు ఒకటి. ఉదయం పూట మనుషులు వాటిలోనే నిలబడ్డారు. ఎండ ముదిరేసరికి గుండ్రాల్లో చెప్పులు, సంచులు, ఒకటి రెండు చోట్ల రాళ్లు మాత్రమే మిగిలాయి. మనుషులందరూ పక్కనున్న వేపచెట్టు కింద భుజం భుజం రాసుకుంటూ చేరారు. అది చూసి జనానికి బుద్ధి లేదన్నవాళ్లున్నారు. ప్రకాశం జిల్లా మే నెల ఎండలో, తలమీద నీడ లేకుండా, డెబ్బై ఏళ్ల ముసలమ్మను గంటసేపు సున్నపు గీతలో నిలబడమంటే ఆమె ఏం చేస్తుంది? మరుసటి విడతకు డీలరు పైన టార్పాలిన్ పట్టా కట్టించి, వీధికి ఇంత సమయమని కేటాయించి, వాలంటీర్ల చేత ముందురోజే ఇంటింటికీ కబురు చేయించాడు. అదే గుండ్రాలు, అదే జనం, ఈసారి చెట్టు కింద ఎవరూ లేరు. దూరం పాటించమని చెప్పడం వేరు, దూరం పాటించడానికి వీలు కల్పించడం వేరు. ఈ తేడా మీ వాదనలో తప్పకుండా రావాలని నా కోరిక.

దుకాణాలు తెరిచే వేళల సంగతి కూడా ఇలాంటిదే. వేళలు ఎంత తగ్గిస్తే అంత మంచిదని చాలామంది అనుకున్నారు. కానీ ఊరందరికీ కావలసిన బియ్యం, పాలు, కూరగాయలు మూడు గంటల్లోనే అమ్మాలంటే, రోజంతా పలచగా వచ్చిపోయే జనం ఆ మూడు గంటల్లో కిక్కిరిసిపోతారు. కూరగాయల మార్కెట్లను ఇరుకు సందుల నుంచి బడుల మైదానాల్లోకి మార్చడం అంతకంటే తెలివైన పని. మద్రాసు కోయంబేడు మార్కెట్టులో ఏం జరిగిందో చూడండి. అది నిత్యావసరం కనుక లాక్‌డౌన్‌లోనూ నడిచింది, కానీ జనం దట్టంగా చేరే చోటు కావడంతో అక్కడ జబ్బు పాకింది, 2020 మే 5న దాన్ని మూసేశారు. అక్కడికి సరుకుతో పోయివచ్చిన వాళ్ల ద్వారా సూళ్లూరుపేట వైపు కూడా కేసులు వచ్చాయి. కోయంబేడును తెరిచి ఉంచడం తప్పని నేను అనను, లక్షల మందికి కూర అక్కడి నుంచే అందాలి. అంతమందిని అంత ఇరుకులో చేరనివ్వడమే తప్పు.

నిబంధన అందరికీ ఒకేలా కనబడాలి. 2020 మే 4న మద్యం దుకాణాలు తెరిచారు, వాటి ముందు బారులు తీరిన జనాన్ని అందరూ చూశారు. గుళ్లూ మసీదులూ చర్చీలూ తెరవడానికి జూన్ 8 దాకా ఆగవలసి వచ్చింది. పెళ్లికి యాభై మంది, అంత్యక్రియలకు ఇరవై మంది అన్నారు. కన్నతండ్రి పోతే ఇరవైమందిని లెక్కపెట్టుకుని మిగతా బంధువులను ఇళ్లలోనే ఉండమని వేడుకున్నవాడికి, ఆ బారులు చూసినప్పుడు ఎలా ఉంటుందో ఆలోచించండి. నిబంధన న్యాయంగా లేదని జనానికి తోచిందంటే, దాని వెనక ఉన్న శాస్త్రం ఎంత సరైనదైనా వాళ్లు మనసుపెట్టి పాటించరు. నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు ఆ ఏడు జనాన్ని రానివ్వలేదు. ఏటా స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకునే భక్తులు, మతభేదం లేకుండా, ఆ మాటకు కట్టుబడ్డారు. వాళ్లు వదులుకున్నది చిన్నది కాదు.

సడలింపు తర్వాత మన ప్రాంతంలో కేసులు పెరగలేదా అంటే పెరిగాయి. 2020 జూన్‌లోనే ఒంగోలు, చీరాలల్లో మళ్లీ లాక్‌డౌన్ పెట్టవలసి వచ్చింది. ఆ జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో జరిగినది మాత్రం రాయడానికే కష్టంగా ఉంది. కేసులు పెరిగి అక్కడ అన్నీ మూసేశారు, మద్యం దుకాణాలు కూడా. తాగుడుకు బానిసలైన కొందరు శానిటైజర్ తాగి, పదిమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. మూసే ముందు ఆ వ్యసనపరులను ఎవరు చూసుకుంటారు, ఏ ఆసుపత్రికి తీసుకుపోతారు అన్నది కూడా ఆలోచించి ఉండాల్సింది. తెరిచినందుకు వచ్చే హానినీ మూసినందుకు వచ్చే హానినీ ఒకే కాగితం మీద రాసుకుని చూసే వాదనే నాకు నమ్మదగినదిగా తోస్తుంది.

రెండో విడత 2021 ఏప్రిల్, మే నెలల్లో వచ్చింది. మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం పన్నెండు గంటల నుంచి మరునాడు ఉదయం ఆరు దాకా కర్ఫ్యూ. ఆ కర్ఫ్యూ ఉండగానే ముత్తుకూరు మండలం కృష్ణపట్నానికి, ఆనందయ్య అనే ఆయన కరోనాకు ఇస్తున్న మూలికల మందు కోసం ఎక్కడెక్కడి నుంచో వేలాది మంది వచ్చారు. ఆక్సిజన్ సిలిండర్లతో, అంబులెన్సుల్లో వచ్చినవాళ్లూ ఉన్నారు. జబ్బున్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే వరుసలో నిలబడ్డారు. మందు గుణం గురించి నేను ఇక్కడ ఏమీ చెప్పబోవడం లేదు. ఆసుపత్రుల్లో పడకలు దొరకని రోజుల్లో కొడుకునో భార్యనో బతికించుకోవాలని పరుగెత్తిన మనిషిని నిందించడానికి నాకు నోరు రాదు. మే 21న పంపిణీ ఆపించారు. నెలాఖరున, ఆయన ఇచ్చే మందుల్లో కంటి చుక్కలు మినహా మిగతావాటికి ప్రభుత్వం అనుమతి ఇచ్చినప్పుడు, రోగులు స్వయంగా రాకుండా వారి తరఫువాళ్లు వచ్చి తీసుకోవడం మేలని చెప్పింది. ఆ మాట మొదటి రోజునే ఎవరైనా చెప్పి, ఏర్పాటు చేసి ఉంటే ఎంత బాగుండేది! భయం ముదిరిన చోట ఆదేశం ఒక్కటే జనాన్ని ఆపలేదు. నిబంధన సడలినప్పుడే కాదు, నిబంధన ఉండగానే అది చేతుల్లోంచి జారిపోయిన సందర్భానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు లేదు.

దూరం గురించి తర్వాత తెలిసినది ఒకటి క్లుప్తంగా చెబుతాను. తుమ్మితే, దగ్గితే పడే పెద్ద తుంపరలు ఒకటి రెండు మీటర్లలోనే నేలకు దిగుతాయి, ఆరడుగుల నియమం వాటికోసమే. మాట్లాడేటప్పుడూ పాడేటప్పుడూ వెలువడే అతిసన్నని తుంపరలు మాత్రం గాలి ఆడని గదిలో చాలాసేపు తేలుతూ ఉంటాయి. కాబట్టి తలుపులు బిగించిన ఏసీ హాలులో ఆరడుగుల దూరంలో కూర్చుని మూడు గంటలు గడపడం కంటే రామాయపట్నం సముద్రపు ఒడ్డున కాసేపు నడవడంలో ప్రమాదం చాలా తక్కువ. సడలింపులో ముందు ఏవి తెరవాలి అన్న ప్రశ్నకు ఇది నేరుగా జవాబు చెబుతుంది.

చివరిగా, దూరం పాటించడం అందరికీ ఒకేలా సాధ్యం కాదన్నది మరిచిపోకండి. ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో జబ్బు మనిషిని విడిగా ఉంచడానికి చోటెక్కడిది? ఆటోలో కూలికి పోయే ఆడవాళ్లు ఇద్దరికి బదులు పదిమంది ఎక్కేది సరదాకు కాదు, పదిమంది పంచుకుంటేనే చార్జీ గిట్టుతుంది కనుక. గదులున్నవాళ్లు, సొంత బండి ఉన్నవాళ్లు, పని ఇంటినుంచే చేసుకోగలిగినవాళ్లు మరింత గట్టిగా దూరం పాటిస్తే, ఆ లెక్కలోని అంకె ఒకటికి దిగువన ఉంటుంది, వీధిలో బతకవలసినవాళ్లకు బయటికి వచ్చే వీలు దొరుకుతుంది. నేను సడలింపు పక్షమే, కానీ ఈ షరతు మీద.

మన రాష్ట్రంలో బడులు 2020 నవంబరు 2న తెరుచుకున్నాయి, అదీ పై తరగతులకు ముందు, కింది తరగతులకు తర్వాత. ఫోనూ సిగ్నలూ ఉన్న ఇళ్లలో పాఠాలు ఎలాగోలా నడిచాయి. చేపల చెరువుల దగ్గర, మిరప చేలల్లో పనికి కుదిరి, బడులు తెరిచాక తిరిగి రాని పిల్లలు మన వైపు కూడా ఉన్నారు. వాళ్లు ఇప్పుడు మీకంటే అయిదారేళ్లు పెద్దవాళ్లు. పోటీకి ముందు వాళ్లలో ఒకరిద్దరిని కలిసి, బడి మూసిన నెలల్లో తమకేం జరిగిందో అడిగి రాసుకోండి. మీ రెండు పక్షాల కాగితాల్లోనూ వాళ్ల సంగతి లేదు.

మీ
తాతయ్య