పాత గ్రబ్ ఉంచుకోవాలా, కొత్తదానికి మారాలా?

ఒకే కంప్యూటర్లో విండోస్‌తో పాటు రెండు లినక్స్‌లు పెట్టుకున్నవాళ్లకు ఏ బూట్‌లోడర్ (మిషన్ ఆన్ కాగానే ఏ సిస్టమ్ కావాలో అడిగి దాన్ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) వాడాలన్న ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. గ్రబ్ అనే బూట్‌లోడర్లో పాతదా, కొత్తదా అని తేల్చుకునే ముందు ఇంకో సంగతి చూడాలంటాను. లినక్స్‌కి గుండెకాయలాంటి కెర్నల్ మారినప్పుడు ఆ మార్పు బూట్‌లోడర్‌కి ఎలా తెలుస్తుంది?

బయాస్ (మిషన్‌ని మొదలుపెట్టే పాత తరహా ఫర్మ్‌వేర్) మిషన్లలో బూట్ కోడ్ ఉండే డిస్కు మొదటి సెక్టార్ 512 బైట్లు. పార్టిషన్ టేబుల్‌కి (డిస్కు భాగాల పట్టికకి) 64, చివరి గుర్తుకు 2 పోగా బూట్ కోడ్‌కి దక్కేవి 446 బైట్లే. ఫైల్ సిస్టమ్‌ని చదివే ప్రోగ్రామ్ అందులో పట్టదు. అందుకే లిలో అనే పాత బూట్‌లోడర్, కెర్నల్ డిస్కులో ఏయే బ్లాకుల్లో ఉందో ముందే రాసిపెట్టుకునేది. కెర్నల్ అప్‌డేట్ చేశాక లిలో కమాండ్ మళ్లీ ఇవ్వడం మరిచిపోతే ఆ చిట్టా చెల్లేది కాదు, టెన్షన్ మొదలయ్యేది.

గ్రబ్ ఫైల్ సిస్టమ్‌ని తనే చదివి కెర్నల్‌ని పేరుతో వెతుక్కుంటుంది. 0.97తో ఆగిపోయిన పాత గ్రబ్‌లో మెనూ అంతా సాధారణంగా ఒకే ఫైల్లో ఉంటుంది, చేత్తో రాసుకోవచ్చు. దాన్ని వదలనివాళ్ల వాదనలో న్యాయముంది. ఆ ఫైల్ చదివితే మొత్తం అర్థమవుతుంది. గ్రబ్ 2 (2.00 వెర్షన్ 2012లో వచ్చింది) మెనూని స్క్రిప్టులతో తయారు చేస్తుంది. అలా తయారైన మెనూ ఫైల్ని చేత్తో మారిస్తే, ఆ మార్పు తర్వాతి అప్‌డేట్‌తో కొట్టుకుపోతుంది.

పాత గ్రబ్ మెనూ లైన్లను కొత్తదాంట్లోకి కాపీ చేసేవాళ్లు లెక్క కూడా చూసుకోవాలి. రెండింటిలోనూ డిస్కుల లెక్క సున్నా నుంచే. పార్టిషన్ల లెక్క మాత్రం పాతదాంట్లో సున్నా నుంచి, గ్రబ్ 2లో ఒకటి నుంచి. లినక్స్ ‘ఎస్‌డీఏ5’ అనే పార్టిషన్ పాత గ్రబ్‌కి (హెచ్‌డీ0,4), కొత్తదానికి (హెచ్‌డీ0,5). అంకె మార్చకపోతే గ్రబ్ వేరే పార్టిషన్లో వెతుకుతుంది.

బయాస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ ఉన్న మిషనైతే నేను గ్రబ్ 2కే ఓటేస్తాను. పాత గ్రబ్ అసలు విడుదలకు యూఈఎఫ్ఐ తెలియదు, నమ్మకమైన సంతకం ఉన్న ప్రోగ్రాములతోనే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్ మాట సరేసరి. ఇక్కడ 446 బైట్ల కోసం కొట్లాట లేదు. బూట్‌లోడర్లు ఉండే ఈఎస్‌పీ అనే ఫ్యాట్ పార్టిషన్లో ఏ సిస్టమ్ ఫోల్డర్ దానిదే. సిస్టమ్‌డీ-బూట్ అనే మరో బూట్‌లోడర్ ఇంకా తేలిక, దాని మెనూ చిన్న టెక్స్ట్ ఫైళ్లే. కానీ కెర్నళ్లను ఈఎస్‌పీలోనో, దానికోసం కేటాయించిన వేరే బూట్ పార్టిషన్లోనో పెట్టాలి. విండోస్ చేసిపెట్టే ఈఎస్‌పీ చాలాసార్లు 100 ఎంబీనే, రెండు లినక్స్‌ల కెర్నళ్లకు అది చాలదు.

గ్రబ్ 2లోనూ ఒక చిక్కుంది. 2021లో వచ్చిన 2.06 నుంచి, పక్క సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ని భద్రత కోసం మామూలుగా ఆపేసి ఉంచుతున్నారు. మెనూలో విండోస్ మాయమైందంటే ముందు ఆ సెట్టింగే చూడాలి. దాన్ని ఆన్ చేసినా, రెండో లినక్స్‌లో వచ్చిన కొత్త కెర్నల్ మొదటి లినక్స్ మెనూలోకి దానంతటది రాదు. నేనైతే మొదటిదాని మెనూలో ‘కాన్ఫిగ్‌ఫైల్’ కమాండ్‌తో రెండోదాని గ్రబ్ మెనూ ఫైల్నే తెరిపిస్తాను. దాని కెర్నల్ ఎన్నిసార్లు మారినా మొదటిదాంట్లో మళ్లీ ఏమీ రాయక్కర్లేదు.