ఏ చక్రం మూలుగుతోంది?

కొరాపుట్ నుంచి సాలూరు దిగే దారిలో సుంకి ఘాటీ అంటే కడుపులో తిప్పేవాళ్లకు హడలు. పాత కారున్న నాలాంటివాళ్లకు మాత్రం అది పైసా ఖర్చులేని ప్రయోగశాల.

మా పధ్నాలుగేళ్ల కారు యాభై దాటితే చాలు, ఊఁ అని మూలిగేది. జయపురంలో మిస్త్రీ ఒక చుట్టు తిప్పి తెచ్చి, "బేరింగు పోనాది బాబూ" అన్నాడు. తప్పు పట్టలేం. చక్రాన్ని ఇరుసు మీద సులువుగా తిరగనిచ్చే ఆ బేరింగు పోతే వచ్చే మూలుగూ, వంకరగా అరిగిన టైరు మూలుగూ అక్కచెల్లెళ్లే. రెండూ కారు వేగంతో పెరుగుతాయి, ఇంజను ఎంత గింజుకున్నా వాటికి పట్టదు.

గుట్టు బరువులో ఉంది. కారు ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రాల మీదికి ఒరుగుతుంది. కుడి బేరింగు పాడైతే సాధారణంగా ఆ మలుపులో మూలుగు హెచ్చి, కుడికి తిరిగినప్పుడు తగ్గుతుంది. టైరు చప్పుడు మలుపుకన్నా రోడ్డుకు ఎక్కువ లొంగుతుంది: నున్నటి తారు మీద ఒక గొంతు, సిమెంటు మీద ఇంకో గొంతు. ఘాటీలో ఎడమ, కుడి, మళ్లీ ఎడమ. నా కారు ఎటు తిరిగినా ఒకే శ్రుతి. కొత్త తారు వేసిన ముక్క మీదికి రాగానే గొంతు మార్చింది. అంటే టైరే. (చప్పుడు వినాలని ఘాటీ దిగుతూ న్యూట్రల్ వేయకండి. భారమంతా బ్రేకుల మీద పడి అవి కాగిపోతాయి.)

ఇంటికొచ్చి టైరును అరచేత్తో నిమిరాను. కంటికి ఆననిది చేతికి తగులుతుంది. అడ్డంగా నిమిరినప్పుడు పోతూ నునుపు, వస్తూ రంపపు పళ్లు తగిలితే, చక్రాలు తిన్నగా దొర్లకుండా కాస్త పక్కకు ఈడ్చుకుపోతున్నట్టు. అలైన్‌మెంటు చేయిస్తే సరి. నాకు తగిలినవి వేరు: పిండిని వేళ్లతో నొక్కినట్టు చుట్టూ గుంటలు. షాకబ్జార్లు నీరసిస్తే స్ప్రింగు ఊపును ఆపేవాడుండడు. చక్రం గెంతుతూ పోతుంది, దిగిన చోటల్లా రబ్బరు గీసుకుపోతుంది. మలుపుల్లో కారు పడవలా ఊగడానికీ అదే కారణం. ఆర్నెల్లుగా ఆ ఊపును రోడ్డు మీదికి నెట్టేశాను నేను!

మూలుగెందుకొస్తుందో లెక్క వేసి చూడండి. 165/80 ఆర్14 టైరు చుట్టుకొలత దాదాపు 1.95 మీటర్లు. గంటకు 70 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 10 చుట్లు. చుట్టూ 12 గుంటలుంటే సెకనుకు 120 దెబ్బలు. చెవి వాటిని విడివిడిగా పట్టలేదు, ఒకే నాదంగా వింటుంది. కొత్త టైరు మీది రబ్బరు దిమ్మెలూ రోడ్డును కొడతాయి గానీ, తయారుచేసేవాళ్లు వాటి పొడవుల్లో కావాలనే హెచ్చుతగ్గులు పెడతారు, ఒకే శ్రుతి పైకి లేవకుండా.

కారు ఒక పక్కకు లాగుతుంటే మాత్రం ముందు గాలి చూడాలి, అదీ టైర్లు చల్లగా ఉన్నప్పుడు. ఆ తర్వాత ముందు టైర్లను కుడి ఎడమలు మార్చాలి (ఒకే దిశలో తిరగమని బాణం గుర్తున్న టైర్లైతే వద్దు). లాగుడు కూడా పక్క మారితే దోషం టైరుది. మారకపోతే అలైన్‌మెంటో, విడవకుండా పట్టేసిన బ్రేకో.

షాకులు అలాగే ఉంచి కొత్త టైర్లు వేస్తే వాటికీ గుంటలు పడతాయి కాబట్టి ముందు షాకులకే డబ్బు కట్టాను. టైర్లు కొనేలోగా చివరి పరీక్షగా ముందువి వెనక్కి వేయించి, మా అత్తగారిని ఎక్కించుకుని బయల్దేరాను. సెమిలిగుడ దాటకముందే వెనక సీట్లోంచి అడిగింది:

"డిక్కీలో ఏటి పెట్టారు బాబూ, గుంయ్‌మంటంది?"